ఎడమ నుంచి రెండోది

ఫిర్యాదు చేయడం మా వైపు వాళ్లకి కొత్త విద్య కాదు. మా ముదిగొండకి పక్క మండలమే నేలకొండపల్లి. అక్కడ పుట్టిన కంచర్ల గోపన్న తహసీల్దారీ చేస్తూ భద్రాచలంలో గుడి కట్టించాడు. సర్కారు సొమ్ము వాడావని నవాబు తానీషా గోల్కొండలో ఖైదు చేస్తే, ఏ నగకి ఎంతయిందో వరసపెట్టి అప్పజెబుతూ దేవుణ్ణే నిలదీశాడు. లోకమంతా ఆయన్ని రామదాసని దండం పెట్టుకుంటుంది. నాకు మాత్రం ముందుగా కనిపించేది పద్దు చేతబట్టుకుని న్యాయం అడుగుతున్న మా పొరుగూరి మనిషే. ఆ గాలి పీల్చి పెరిగినవాణ్ణి. నా ట్రాలీ బండి ఇగ్నిషన్ కాయిల్ విషయంలో నోరు మూసుకుని కూర్చుంటానా? చదువరులు కాసేపు తానీషా గద్దె మీద కూర్చుని నా గోడు వినాలి. నా పద్దు చివర్లో ఉంది.

మొదటి అభియోగం: నా బండి పెట్రోలుది కావడం.

మా వైపు చక్రమున్న ప్రతిదీ డీజిలు తాగేదే. గ్రానైట్ బండలు మోసే లారీలు, ట్రాక్టర్లు, వరికోత మిషన్లు అన్నీ ఆ కులమే. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 నిబంధనలొచ్చి పొగకి కళ్లెం పడ్డాక చిన్న లారీల్లో పెట్రోలు ఇంజన్లు ఎక్కువ కనబడసాగాయి. నేనూ ఒకటి కొన్నాను. ‘నాలుగు సిలిండర్లు, మెత్తగా పోతుంది, చప్పుడే ఉండదు’ అన్నారు. నిజమే, ఉండదు. జబ్బు చేసినా చప్పుడు చెయ్యదని మాత్రం ఎవరూ చెప్పలేదు.

పోయిన ఫిబ్రవరిలో పదిహేను బస్తాల తేజ మిర్చి వేసుకుని తెల్లారకముందే ఖమ్మం యార్డుకి బయల్దేరాను. ఆ రోజు ధర పలికే వేలం, అదే జెండా పాట, మొదలవకముందే సరుకు దించుకోవాలని ఆరాటం. ఆ పాట మిర్చి రైతుకి పెళ్లి ముహూర్తం లాంటిది. ఆలస్యంగా వెళ్తే భోజనం దొరుకుతుంది గానీ మర్యాద దొరకదు. సగం దారిలో బండి వణకడం మొదలుపెట్టింది. చలిజ్వరం వచ్చిన పిల్లాడిలా సీటు కింద గజగజ. ఎక్సలేటర్ తొక్కితే పికప్ లేదు. వెనక పచ్చి పెట్రోలు వాసన. డ్యాష్‌బోర్డు మీద పసుపుపచ్చ ఇంజన్ బొమ్మ ఒకటి కన్ను కొట్టసాగింది. ఈ వయసులో నాకు కన్నుకొట్టేవాళ్లు అరుదు గనక దాన్ని గౌరవంగానే స్వీకరించాను. ఆ దీపం నిలకడగా వెలిగితే వీలు చూసుకుని చూపించుకోమని, కన్నుకొడితే వెంటనే ఆపమని అర్థమట. మండకుండా బయటపడిన పెట్రోలు సైలెన్సర్ దారిలో ఉండే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి అక్కడ మండుతుంది. తేనెపట్టులాంటి దాని పింగాణీ అరలు ఆ వేడికి కరిగిపోతాయి. ఈ సంగతి నాకు తర్వాత తెలిసింది. తెలిసినా ఆపేవాణ్ణి కాదు. జెండా పాట నాకోసం ఆగుతుందా? ఆగలేదు కూడా. నేను చేరేసరికి అయిపోయింది.

రెండో అభియోగం: ఊరు.

మర్నాడు టీకొట్టు దగ్గర బండి ఆపితే పావుగంటలో నలుగురు వైద్యులు తేలారు. ‘ఎయిర్ పట్టిందిరా, పంపు కాడ బోల్టు లూజు చేసి గాలి తియ్యి’ అన్నాడు ట్రాక్టరున్న బాబాయి. ‘నాజిళ్లు పోయినయ్, కడిగించుకురా’ అన్నాడు లారీ నడిపిన బావ. ‘హెడ్డు దించాల్సిందే’ అన్నాడు ఏ బండీ లేని పెద్దమనిషి. వైద్యాలన్నీ శాస్త్రోక్తమే. రోగి వేరు, అంతే. డీజిలు ఇంజన్‌కి నిప్పు పెట్టేవాడితో పనిలేదు. గాలిని పదహారో వంతుకో పద్దెనిమిదో వంతుకో నొక్కేసరికి అది 500 డిగ్రీలు దాటి కాగుతుంది. అందులో డీజిలు చిమ్మితే దానంతటదే అంటుకుంటుంది. అందుకే లారీకి కాయిల్ అనే అవయవమే లేదు. పెట్రోలుది కొత్తల్లుడి వరస. ప్రతిసారీ ఎవరో ఒకరు వచ్చి దీపం ముట్టిస్తే గానీ కదలదు.

నాలుగో వైద్యుడు ఒకప్పుడు అంబాసిడర్ టాక్సీ తోలిన మామ. రోగం ఆయనకి తెలిసింది. ‘మిస్సింగ్ కొడతాంది. ప్లగ్గు వైరు పీకి ఇంజన్‌కి ఆనించి చూడు, నిప్పురవ్వ పడతాందో లేదో’ అన్నాడు. పీకుదామంటే వైరేదీ? ఆ కాలపు కారుకి కాయిల్ ఒక్కటే. అది పుట్టించిన కరెంటుని డిస్ట్రిబ్యూటర్ నాలుగు వైర్లలో నాలుగు ప్లగ్గులకీ పంచేది. ఒకే దీపాన్ని నాలుగు గదుల్లోనూ తిప్పుకున్నట్టు. ఇప్పుడు గదికొక దీపం. ఒక్కో ప్లగ్గు నెత్తిన ఒక్కో కాయిల్ టోపీలా కూర్చుని ఉంటుంది. ఒకటి పోవడానికి నాలుగు అవకాశాలు. దీన్నే అభివృద్ధి అంటారు.

సరిగ్గా చెప్పింది మా ఆవిడ. ఆమెకి బండ్ల గురించి తెలీదు, నాలుగు పొయ్యిల స్టవ్ గురించి తెలుసు. ‘మూడు వెలుగుతున్నయ్, ఒకటి వెలగట్లే. దానికి గ్యాసు మాత్రం వదుల్తానే ఉన్నవ్. అందుకే ఆ వాసన. పోయి తెలిసినోళ్లకి చూపిచ్చయ్యా’ అంది. మొదటి మూడు వాక్యాలూ నాకు నచ్చాయి.

నాలుగోది పాటించి ఒక మెకానిక్ దగ్గరికి వెళ్లాను. ‘కాయిల్ 1,900, లేబర్ 500’ అన్నాడు. ఎంతసేపు పడుతుందంటే పది నిమిషాలన్నాడు. ఎన్ని బోల్టులంటే ఒక్కటే అన్నాడు. చదువరులు గమనించాలి. ఒక్క బోల్టుకి, పది నిమిషాలకి, 500. మిరపకాయలు ఏరే ఆడవాళ్లకి రోజంతా ఎండలో నడుం వంచితే వచ్చేదానితో పోల్చి చూడండి. న్యాయం అనే మాట నా గొంతులోకి వచ్చింది. రామదాసు గుర్తొచ్చాడు. నేనే మార్చుకుంటానని శపథం చేసి వచ్చేశాను.

ముందు రోగనిర్ధారణ కావాలి. స్టీరింగ్ కింద ఉండే సాకెట్‌కి గుచ్చితే బండి మనసులో మాట సెల్‌ఫోన్‌కి చెప్పే స్కానర్ 650కి తెప్పించాను. గుచ్చాను. ‘పి 0302’ అంది. మొదటి రెండు అంకెలూ కలిపి ‘03’ అంటే మంటకి సంబంధించిన తిప్పలు, చివరి అంకె సిలిండర్ నంబరు. అంటే రెండో సిలిండర్ మిస్సింగ్. ఇంత తేటగా మా ఇంట్లో మనుషులు కూడా చెప్పరు. డ్రైవర్ తలుపు తీసి, సీటు ఎత్తాను. కిందే ఇంజన్. దాని వీపు మీద నాలుగు నల్లటి కాయిళ్లు బడిపిల్లల్లా వరసగా నిలబడి ఉన్నాయి. పలక మీద అ, ఆ దిద్దిన నాటి నుంచి ఏ వరసైనా ఎడమ నుంచే మొదలని నా నమ్మకం. ఒకటి. రెండు. దొంగ దొరికాడు.

బ్యాటరీ నెగెటివ్ వైరు తీసి పక్కన పెట్టాను. ఇంజన్ చల్లారేదాకా ఆగాను. కాయిల్ తలకున్న కనెక్టర్ లాక్ నొక్కితే ఊడి రావాలి. ఇంజన్ వేడికి కాగీ కాగీ ఆ ప్లాస్టిక్ అప్పడంలా తయారైంది. టప్పుమని విరిగింది. పరవాలేదు, మిర్చి బస్తాలు కుట్టే పురికొస ఉంది కదా. పది నంబరు సాకెట్‌తో బోల్టు విప్పి, కాయిల్‌ని కాస్త తిప్పి పైకి లాగితే, కింద ఉన్న పొడుగాటి రబ్బరు బూటు ‘ప్లప్’మంటూ ప్లగ్గుని వదిలింది. కొత్తది దించి నొక్కితే ‘టక్’మని కూర్చుంది. బోల్టు బిగించి, కనెక్టర్‌ని పురికొసతో కట్టి, బ్యాటరీ కలిపి, స్కానర్‌లో పాత నేరాలన్నీ చెరిపేశాను. సెల్ఫ్ కొట్టాను. ఇంజన్ సన్నాయిలా పలికింది. మొత్తం పన్నెండు నిమిషాలు. 500 మిగిలాయి.

ఆ సాయంత్రం నేను చేసిన పనికి ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను. పీకిన కాయిల్‌ని టీకొట్టు బల్ల మీద పెట్టి, అందరూ చూస్తుండగా హ్యాక్సా బ్లేడుతో కోసి పోస్టుమార్టం చేశాను. నల్లటి జిగురు గడ్డలో బిగిసి ఉన్న రాగి బయటపడింది. ఇక ప్రసంగం. ‘ఇది 1831లో మైఖేల్ ఫారడే పట్టుకున్న కిటుకు. ఒకే ఇనుప మొద్దుకి రెండు రకాల చుట్లు. లావు తీగ కొన్ని వందలు, వెంట్రుకంత తీగ వేలు. లావు తీగలో 12 వోల్టుల కరెంటు పారుతుండగా దాన్ని టక్కున ఆపేస్తే సన్న తీగలో 20 వేల నుంచి 40 వేల వోల్టులదాకా ఎగదన్నుతుంది. మన ట్రాన్స్‌ఫార్మర్ 11 వేలని కిందికి దించి ఇళ్లకిస్తుంది. ఇది 12 పట్టుకుని దాన్ని మించిపోతుంది. ఆ దెబ్బకి ప్లగ్గు కొసన ఉన్న మిల్లీమీటరు సందులో నిప్పురవ్వ దూకుతుంది. ఇంజన్ నిమిషానికి 3,000 చుట్లు తిరిగితే ఒక్కో కాయిల్ సెకనుకి 25 సార్లు ఈ పని చెయ్యాలి. ఖమ్మం చేరే అరగంటలో 45 వేల సార్లు.’ హ్యాండిల్ తిప్పి కారు లేపే రోజుల్లో అమెరికాలో చార్లెస్ కెటరింగ్ అనే ఆయన సెల్ఫ్, లైట్లు, నిప్పురవ్వ మూడింటినీ బ్యాటరీ మీదికి తెచ్చి 1912 నాటి కాడిలాక్ కారుకి అమర్చిన సంగతీ చెప్పాను. చివర్లో ఒక నల్లటి మచ్చ మీద వేలు పెట్టి, ‘ఇదిగో, కాలింది ఇక్కడే’ అన్నాను. హెడ్డు దించమన్న పెద్దమనిషి కూడా వంగి చూసి, ‘అవును, కాలింది’ అన్నాడు.

మర్నాడు తెల్లారకముందే పదిహేను బస్తాలు వేసుకుని బయల్దేరాను. సగం దారిలో, అదే చోట, బండి వణికింది.

ఖాళీగా ఇంటి ముందు నిలబెట్టినప్పుడు లేని జబ్బు బరువెక్కగానే ఎందుకొస్తుందో తర్వాత తెలుసుకున్నాను. బరువు లాగేటప్పుడు ఎక్సలేటర్ తొక్కుతాం, సిలిండర్‌లోకి గాలీ పెట్రోలూ నిండుగా కూరుకుంటాయి. ఆ ఒత్తిడిలో నిప్పురవ్వ దూకాలంటే ఇంకా ఎక్కువ వోల్టులు కావాలి. నలుగురిలో ఓపిక లేనివాడెవడో మూట నెత్తికెత్తినప్పుడే కదా బయటపడేది. ఇదంతా ఆ పూట నాకు తట్టలేదు. స్కానర్ మళ్లీ ‘పి 0302’ అనేసరికి నాకు తట్టింది ఒక్కటే. కొన్న కాయిల్ డూప్లికేట్!

మిర్చి ఏదో ఒక ధరకి వదిలించుకుని, మూడో అభియోగం సిద్ధం చేసుకుని స్పేర్‌పార్ట్స్ కొట్టు మీదికి దండెత్తాను. నకిలీ సరుకు గురించి, రైతు కష్టం గురించి, వినియోగదారుడి హక్కుల గురించి అయిదు నిమిషాలు మాట్లాడాను. కౌంటర్‌లో కుర్రాడు నా మనవడి వయసువాడు. అంతా విని, ‘ఏ సైడు నుంచి లెక్కబెట్టిన్రు, తాతా?’ అన్నాడు.

‘ఎడమ నుంచి.’

‘డ్రైవర్ తలుపు కాడ నిలబడా?’

‘మరెక్కడ నిలబడాలి?’

కుర్రాడు కాగితం మీద గీసి చూపించాడు. సిలిండర్ల లెక్క ఇంజన్‌కి బెల్టు, పుల్లీ ఉన్న వైపు నుంచి మొదలట. మా బండిలో పుల్లీ ముందు వైపు, గేరుబాక్సు వెనక వైపు. డ్రైవర్ తలుపు దగ్గర నిలబడి లోపలికి చూస్తే బండి ముందు భాగం మన కుడిచేతి వైపు వస్తుంది. అంటే ఒకటో నంబరు కుడి చివర. నేను ఎడమ నుంచి రెండోదనుకున్నది అసలు మూడోది. ‘ఏం పర్లే తాతా, మీరు తీసిన కాయిల్ మంచిదేగా. దాన్నే తీసుకపోయి రెండో దాంట్లో పెట్టుకోన్రి. ఇంకోటి కొనేది లేదు’ అన్నాడు జాలిగా.

నేను కాసేపు మాట్లాడలేదు. తర్వాత, ‘ఇంకోటి ఇవ్వు బాబూ’ అన్నాను.

కుర్రాడు అంతటితో ఊరుకోలేదు. ‘ఈసారి కొనకముందే ఓ పని చెయ్యన్రి. అనుమానమున్నదాన్ని పక్కదానితో మార్చి చూడన్రి. 302 కాస్తా 301 అయిందనుకో, జబ్బు కాయిల్‌తో పాటే పోయింది. తప్పు దానిదే. 302 గానే ఉన్నదనుకో, కాయిల్ మంచిది, ప్లగ్గో ఇంజెక్టరో చూడాలె. రూపాయి ఖర్చు లేదు’ అన్నాడు. రూపాయి ఖర్చు లేని సలహా 3,800 ఖర్చయ్యాక దొరకడం నా నాలుగో అభియోగం. ప్రతివాది ఎవరో ఇంకా తేల్చుకోలేదు.

దారి పొడుగునా మా తాతే గుర్తొచ్చాడు. ఆయన నిజాం జమానాలో ఉర్దూలో చదువుకున్నాడు. 1948 సెప్టెంబర్ 17 తర్వాత ఆ చదువు ఎందుకూ కొరగాకుండా పోయిందని చివరిదాకా నిట్టూరుస్తూనే ఉండేవాడు. ఇవాళ ఉండి, నేను నిలబడ్డ చోటే నిలబడి ఉంటే, కుడి నుంచి ఎడమకి చదివే అలవాటు కొద్దీ మొదటిసారే దొంగని పట్టేసేవాడు. ఉర్దూ చదువు ముదిగొండలో అక్కరకొచ్చే రోజు ఒకటి రానే వచ్చింది. అది చూడటానికి ఆయన లేడు. వచ్చిన తెలుగు నా కొంప ముంచింది.

ఇంటికొచ్చి కుడి నుంచి రెండోది పీకాను. అప్పుడు గానీ అసలు దోషి మొహం చూడలేదు. రబ్బరు బూటు పొడుగునా పెన్సిల్‌తో గీసినట్టు సన్నటి కాలిన గీత. నిప్పురవ్వ ప్లగ్గు కొసదాకా పోలేక అడ్డదారిలో ఇంజన్ గోడకి కారిపోతోందన్నమాట. ప్లగ్గు గుంట అడుగున తుప్పు రంగు నీళ్లు. ఆ గుంటలోకి నీళ్లెలా వచ్చాయి? 2024 సెప్టెంబర్ 1న మున్నేరు ఖమ్మాన్ని ముంచెత్తి ఎన్ని బండ్లు నీళ్లపాలయ్యాయో అందరికీ తెలుసు. ఆ రోజు నా బండి మా ఇంటి ముందు మెరకమీద ఉంది. దాని ఇంజన్ మీద చుక్క పడలేదు. అంత వరద ముట్టుకోని బండిని దసరా ఆయుధపూజకి నేనే స్వయంగా తీసుకెళ్లి, డబ్బులిచ్చి వాటర్ సర్వీసింగ్ చేయించాను. ‘సీటెత్తి ఇంజన్ మీద కూడా గట్టిగా కొట్టు బాబూ, బురద పోవాలి’ అని చెప్పింది కూడా నేనే. కుర్రాడు గట్టిగానే కొట్టాడు. పైన పసుపు, కుంకుమ, చక్రాల కింద నిమ్మకాయలు. దిష్టి బయటినుంచి తగల్లేదు.

ప్లగ్గు తీసి చూస్తే దాని సందు కూడా అరిగి పెద్దదైపోయింది. సందు పెరిగేకొద్దీ కాయిల్ మీద భారం పెరుగుతుంది. కొన్నప్పటినుంచి ప్లగ్గులు మార్చానా? ఈ ప్రశ్న ఈ విచారణ పరిధిలోకి రాదు.

గుంట తుడిచి ఆరబెట్టి, కొత్త కాయిల్ పెట్టాక బండి పదిహేను బస్తాలతో మెత్తగా పోతోంది. కాబట్టి పద్దు చిత్తగించండి. స్కానర్ 650. కాయిళ్లు రెండు, 3,800. సాకెట్ల సెట్టు 480. ఖమ్మం తిరుగుళ్లకి పెట్రోలు, టీకొట్టులో శ్రోతలకి నేనిప్పించిన టీలు కలిపి 270. వెరసి 5,200. మెకానిక్ అడిగింది 2,400. అంటే 500 లేబర్ మిగిల్చుకోవడానికి 2,800 ఎక్కువైంది. జెండా పాట రెండుసార్లు తప్పిపోవడం ఇందులో కలపలేదు. కలిపితే మా ఆవిడ చదువుతుంది. నిర్దోషిగా హ్యాక్సాకి బలైన మూడో నంబరు కాయిల్ ప్రాణానికి వెల కట్టడం నావల్ల కాలేదు. దాని రెండు ముక్కలూ పాత పేపర్లో చుట్టి అటక మీద పెట్టాను.

కథలో రామదాసు బాకీ తీర్చడానికి అర్ధరాత్రి ఇద్దరు కుర్రాళ్లు తానీషా దగ్గరికి వచ్చారంటారు. అది తలుచుకుంటూనే మొన్న రాత్రి పడుకున్నాను. పది దాటాక తలుపు చప్పుడైంది. తీస్తే నిజంగానే ఇద్దరు. ఒకడు నలుపు, ఒకడు ఎరుపు. నా ఒళ్లు ఝల్లుమంది.

‘పెదనాయనా, ఖమ్మం నుంచి వస్తాంటే బండి వణుకుతాంది. కాయిల్ మార్చటం నీకొచ్చంట గదా. టీకొట్టు కాడ చెప్పిన్రు’ అన్నాడు నల్లటివాడు.

‘పెట్రోలా, డీజిలా?’

‘డీజిలే.’

డీజిలు బండికి కాయిలే ఉండదని గుమ్మంలోనే చెప్పి పంపెయ్యొచ్చు. చెప్పాలి కూడా. కానీ ఇంతదూరం నా పేరు అడుక్కుంటూ వచ్చిన పిల్లలు. టార్చి తీసుకుని, పది నంబరు సాకెట్ జేబులో వేసుకుని, ‘పదండి, చూద్దాం’ అన్నాను.

లోపల్నుంచి మా ఆవిడ గొంతు వినిపించింది: ‘ఈసారి కుడి నుంచి లెక్కబెట్టయ్యా!’